ఈకలు రాలే కాలం

ఆదివారం పెట్టిన గుడ్డు మాది కాదు, దేవునిది. మిగతా రోజుల గుడ్లు మావి. ఈ సంగతి మా ఇంట్లో ఎవరూ కూర్చోబెట్టి చెప్పింది కాదు. పొయ్యి ముట్టుకుంటే కాలుతుందని ఎట్లా తెలుసో ఇదీ అట్లాగే తెలుసు. అన్నానికి బియ్యం తీసేటప్పుడు మా అవ్వ, అదే మా అమ్మ, ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేది, అదీ దేవునిదే. ఆదివారం గూట్లోంచి గుడ్డు తీయగానే చల్లారిన బొగ్గుముక్కతో దాని మీద చిన్న గీత గీసి ఆ బియ్యం కుండలోనే పెట్టేది. మళ్లీ వారం అవి చర్చికి పోయేవి. ఆరాధన అయ్యాక వాకిట్లో హర్రాజు పెట్టేవాళ్లు. గుడ్లు, బీరకాయలు, ఎవరి పెరట్లోనో కాసిన గుమ్మడికాయ, ఒక్కోసారి కాళ్లు కట్టిన పుంజు, అన్నీ పాట పాడి సంఘంవాళ్లే కొనుక్కునేవాళ్లు. పాట పెంచడంలో మగవాళ్లకు భలే సరదా. ఒకరి బీరకాయ మీద ఇంకొకరు పంతానికి పోయేవాళ్లు.

గీత పడిన గుడ్డంటే మాకెంత భయమంటే, మా తమ్ముడు ఒకసారి పొరపాటున దాన్ని ముట్టుకొని, ఏడుస్తూ వచ్చి చేతులు కడగమన్నాడు.

శ్రీరాంపూర్ వైపు కొత్త బొగ్గుబాయిలు, అదే గనులు, తవ్వుతున్న రోజులవి. మాది చెన్నూరు దగ్గర పల్లె. పొలం లేని ఇల్లు కాబట్టి బాపు, అదే మా నాన్న, బాయి పనికి వచ్చేశాడు. కంపెనీ ఇచ్చిన క్వార్టర్లో ఒక గది, ముందు వసారా, వెనక నాలుగడుగులు వేస్తే గోడ తగిలేంత పెరడు. మా వరుసలో కరీంనగర్ వాళ్లు, హిందీవాళ్లు, మరాఠీ కలిపి మాట్లాడే ఆదిలాబాద్ వాళ్లు అందరూ ఉండేవాళ్లు. ఒకరి మాట ఒకరికి సగమే అర్థమయ్యేది. కోడి గుడ్డు పెట్టి కూస్తే మాత్రం వరుసంతా తలుపుల్లోకి వచ్చి ఎవరిదో చూసేవాళ్లు.

మా తెల్లకోళ్లు మామ తెచ్చినవి. మామ అంటే అవ్వ తమ్ముడు, మిషన్ ఆసుపత్రిలో తోటపని చేసేవాడు. అక్కడి ఫారంలో పెంచిన సీమకోళ్లను సంఘం ఇండ్లకు ఇస్తుంటే మాకోసం నాలుగు అడిగి, గంపలో పెట్టుకొని బస్సు పైన వేసుకొని వచ్చాడు. దింపీ దింపగానే ఉపన్యాసం మొదలుపెట్టాడు.

"గివి నాటుకోళ్ల లెక్క కావక్కా. పొదుగుడు లేదు, ఆగుడు లేదు. ఏడాదంత పెడ్తనే ఉంటయ్. ఆసుపత్రి దొరసాని నోట నా చెవులార విన్న."

"పొదగని కోడి ఏం కోడిరా? పెండ్లి జేసుకోని పిల్ల లెక్క," అంది అవ్వ.

కానీ పెట్టాయి. ఆ మొదటి ఏడాది అవి పెట్టిన తీరు చూస్తే అవ్వే తన మాట వెనక్కి తీసుకుంది. చలికాలం వచ్చి మా వరుసలో నాటుకోళ్లన్నీ ముడుచుకొని కూర్చుంటే, మా తెల్లవి మాత్రం బొగ్గుధూళికి బూడిదరంగు తిరిగి కూడా రోజూ గూట్లోకెక్కి దిగుతూనే ఉన్నాయి. ఆదిలాబాద్ చలి ఎట్లాంటిదో తెలిసినవాళ్లకు ఇదేం మామూలు సంగతి కాదు. చర్చిలో అవ్వ గుడ్లు చూసి మిగతా ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. అవ్వకు కాస్త తలబిరుసు కూడా వచ్చింది. నా కోడీ నా కుంపటీ లేకపోతే ఊరికి తెల్లారదనుకున్న ముసలమ్మలా తయారయ్యావని బాపు ఆటపట్టించేవాడు. అప్పుడు ఆయన బాగా నవ్వేవాడు. నవ్వితే దగ్గు వచ్చేది కాదు.

మరుసటి ఏటి వానకాలానికి దగ్గు పట్టుకుంది. మొదట చుట్ట మానేశాడు. తర్వాత మెట్లెక్కడం మానేశాడు. చివరికి పనే మానాల్సివచ్చి సిక్కులో, అంటే జబ్బు సెలవులో, ఇంటి దగ్గర కూర్చున్నాడు. అవ్వ ఆయనను తీసుకొని మిషన్ ఆసుపత్రికి వెళ్లింది. ఛాతీ చెడిందని డాక్టరమ్మ చెప్పింది. మందులిచ్చి, మందులకంటే తిండి ముఖ్యమని, పాలు, రోజుకొక గుడ్డు తప్పకుండా పడాలని గట్టిగా చెప్పి పంపింది. అవ్వ తిరిగొచ్చేటప్పుడు ధైర్యంగానే వచ్చింది. పాలు ఎక్కడినుంచి తేవాలో గానీ గుడ్లకేం కొదవ అనుకుంది. ఇంట్లో నాలుగు కోళ్లు, అవీ ఆగని జాతివి.

అప్పటినుంచి మా ఇంట్లో గుడ్డు మాకు కాకుండా పోయింది. దానికి నాకేం బాధ లేదు. గుడ్డు పగలగొట్టి, వేడి పాలల్లో బెల్లం వేసి గిలకొట్టి ఇస్తే బాపు కళ్లు మూసుకొని తాగేసేవాడు. నీసు వాసన ఆయనకు పడదు. ఆయన ముఖం చూసి మేం నవ్వితే గ్లాసు మా వైపు చాచి "తాగుతరా?" అని బెదిరించేవాడు. వానలు వెనకబట్టేసరికి మెడకింద కొంచెం కండ కూడా పట్టింది. మళ్లీ బాయిలోకి దిగుతానని అనడం మొదలుపెట్టాడు.

కోళ్లకు చెదలు తేవడం నా పని. పగిలిన కుండలో తడిపిన పేడ, గడ్డి కుక్కి, అడవి అంచున చెదపుట్ట మీద సాయంత్రం బోర్లించి రావాలి. తెల్లారి వెళ్లి తీస్తే గడ్డి నిండా చెదలు తెల్లగా పాకుతుంటాయి. పెరట్లో దులిపితే కోళ్లు ఎగబడి తినేవి. చెదలు తిన్న కోడి గట్టి గుడ్డు పెడుతుందని అవ్వ నమ్మకం. నేను ఒక్క పూట కూడా ఆ పని తప్పించలేదు. బాపు బతుకు నా కుండలోనే ఉందన్నట్టు పరుగెత్తేదాన్ని.

దసరా వెళ్లాక ఒక పొద్దున పెరట్లో ఈకలు కనిపించాయి. పిల్లి వచ్చిందేమో అనుకున్నాం. కోళ్లు నాలుగూ ఉన్నాయి. మరునాడు ఇంకా ఎక్కువ ఈకలు. కొద్ది రోజులకు కోళ్ల మెడలు బోసిపోయాయి. తోకలు ఊడిపోయాయి. తల మీది తురాయిలు ఎండిన మిరపకాయల్లా ముడుచుకొని పాలిపోయాయి. నిరుడు రాణుల్లా తిరిగిన కోళ్లు గోడవారన కూర్చొని, మనుషులు దగ్గరికొస్తే సిగ్గుపడ్డట్టు తప్పుకొనేవి. గుడ్లు మొదట తగ్గాయి. ఆ తర్వాత ఏ రోజు ఉంటుందో ఏ రోజు ఉండదో చెప్పలేని స్థితికి వచ్చాయి.

అవ్వ ఒక కోడిని ఒళ్లో పెట్టుకొని చర్మం మీద వేళ్లు పెట్టి చూసింది. "ఈకలు మారుస్తున్నయ్. మా అవ్వగారింట్ల నాటుకోళ్లు గూడ గిట్లనే రాలుస్తుండె. కొత్తయి మొలిచెదాక గుడ్డు పెట్టయ్," అంది.

బాపు మంచం మీదినుంచే అన్నాడు. "నాటుకోళ్లు ఆగుతయే. గివి ఆగే జాతి కాదు. నిరుడు గీ దినాలల్ల ఆగినయా? చలికాలమంత పెట్టలేదా?"

దానికి అవ్వ దగ్గర జవాబు లేదు. నిజంగానే నిరుడు పెట్టాయి. నా దగ్గర ఇప్పుడు జవాబు ఉంది, కానీ ఎవరికి చెప్పను? చాలా ఏళ్ల తర్వాత, నేనే కోళ్లు పెంచుకుంటున్నప్పుడు, కోళ్ల గురించి చెప్పడానికి మా బస్తీకి వచ్చిన ఒకాయన అరుగు మీద కూర్చొని తాపీగా చెప్పాడు. సీమకోడి అయినా నాటుకోడి అయినా పొద్దు కురచబడితే గుడ్డు ఆపుతుందట. పెట్టడం మొదలైన తొలి చలికాలం మాత్రం కొన్ని ఆగకుండా పెట్టేస్తాయట, రెండో ఏడు తప్పకుండా ఈకలు రాల్చి ఆగుతాయట. మళ్లీ పొద్దు పెరిగితే మొదలుపెడతాయట. అంతే సంగతి. టీ తాగుతూ చెప్పేసి వెళ్లిపోయాడు. నేను లోపలికి వెళ్లి గిన్నెలు తోముకుంటూ చాలాసేపు ఏడ్చాను. ఆగని కోళ్లని మా మామ చెవిలో వేసిన ఆ దొరసాని ఈ రెండో ఏటి మాట కూడా వేసి ఉంటే ఏం పోయేది? అరకొర చదువు ప్రాణం మీదికి తెస్తుందంటారు. అరకొర శుభవార్త కూడా అంతే.

సరే, ఆ చలికాలానికే వస్తాను. వారంలో ఒకటో రెండో గుడ్లు వస్తున్న రోజులు. ఆ వారమంతా గూడు ఖాళీ. బాపుకు జ్వరం తగిలి ముఖం లోపలికి పోయింది. ఆ ఆదివారం అవ్వ గూట్లో చెయ్యి పెడితే గుడ్డు తగిలింది. చేతి అలవాటు, బొగ్గుముక్క తీసి గీత గీసేసింది. గీసి, దాన్ని పట్టుకొని పొయ్యి దగ్గర నిలబడింది. నేను చూస్తున్నాను. కుండ వైపు చూసింది, మంచం వైపు చూసింది. తర్వాత కొంగుతో గీత తుడిచి, గుడ్డు పగలగొట్టి పాలల్లో వేసింది.

నాకు భయం వేసింది. భయంతోపాటు సంతోషంగా కూడా అనిపించింది. మా అవ్వ అంటే నాకు అంత ఇష్టం ఎప్పుడూ కలగలేదు.

బాపు తాగాడు, పడుకున్నాడు. సాయంత్రం పెరట్లోకి వెళ్తూ బూడిదకుప్ప దగ్గర ఆగాడు. బొగ్గు గీత కొంగుతో తుడిస్తే పోయేదా? పెంకు మీద సగం గీత అట్లాగే ఉంది. ఆయన వంగి, ఆ పెంకు ముక్క తీసుకొని వచ్చి మంచం మీద కూర్చున్నాడు.

"గిది ఎప్పటి గుడ్డే?"

అవ్వ పొయ్యిలో కట్టె లోపలికి తోసింది.

"గియ్యాలటిదేనా?"

"ఔ, గియ్యాలటిదే," అంది అవ్వ. "నువ్వు బతుకుడు ముఖ్యమా, గుడ్డు దినం ముఖ్యమా? దేవునికి ఒక్క గుడ్డు తక్కువైతే ఏమన్న ఉపాసం ఉంటడా?"

బాపు కోప్పడి ఉంటే బాగుండేది. కోప్పడలేదు. పెంకు ముక్కను అరచేతిలో పెట్టుకొని దానివైపే చూస్తూ, "దేవుని నోటికాడిది గుంజుకొని తిన్న," అన్నాడు.

ఆ తర్వాత గుడ్డు పూర్తిగా ఆగిపోయింది. నాలుగు కోళ్లలో ఒక్కటి కూడా పెట్టలేదు. ఈకలు రాలడం మొదలై అప్పటికే చాన్నాళ్లయింది, ఎట్లాగూ ఆగాల్సిందే ఆగింది. కానీ బాపుకు అది అట్లా కనిపించలేదు. ఆయన పెద్దయ్యాక చర్చిలో అక్షరాలు నేర్చుకున్న మనిషి. వేలు పెట్టి ఒక్కో పదం కూడబలుక్కుంటూ బైబిల్ చదివేవాడు. దేవుడు ఎవరెవరి గర్భం మూశాడో, ఎవరిది తెరిచాడో అన్నీ ఆయనకు నోటికి వచ్చు. మనుషుల గర్భం మూసినవాడికి కోళ్ల గర్భం ఒక లెక్కా? ఆయన తిన్నాడు, దేవుడు మూశాడు. లెక్క సరిపోయింది. అసలు చదవడం రానివాళ్లకంటే సగం చదివినవాళ్లకే లెక్కలు అంత చక్కగా కుదురుతాయి.

అప్పటినుంచి ఆయన గుడ్డు ముట్టలేదు. మా కోళ్లవి లేవు సరే, పక్కింటి హిందీ ఆమె తన నాటుకోడి పెట్టిన గుడ్డు తెచ్చి ఇచ్చినా వద్దన్నాడు. "నా నోటికి గుడ్డు హరాం అనుకో," అన్నాడు. అవ్వ బతిమాలింది, తిట్టింది, నన్నూ తమ్ముణ్నీ ముందు నిలబెట్టి మా ముఖాలు చూడమంది. ఏం చేసినా వినలేదు. ఒక రోజు అవ్వ ఆ హిందీ ఆమె ఇచ్చిన గుడ్డునే సంకటి లాంటి జొన్న గట్కలో కలిపి, ఉల్లి, మిరియాలు దండిగా వేసి పెట్టింది. బాపు ఒక్క ముద్ద నోటి దాకా తెచ్చుకొని ఆగాడు. నీసు వాసన ఆయన దగ్గర దాచలేం కదా.

"గుడ్డుతోటి అబద్ధం గూడ కలిపినవా అండ్ల?" అని కంచం పక్కకు నెట్టాడు.

ఆ పూట నుంచి అవ్వ వండింది ఏదైనా వాసన చూసిగానీ తినేవాడు కాదు. సగం తినేవాడు, సగం వదిలేసేవాడు. నాకు ఆయన మీద పట్టరాని కోపం వచ్చేది. ఇప్పటికీ వస్తుంది. చచ్చిపోయిన మనిషి మీద కోపం తెచ్చుకోకూడదంటారు. మరి ఆ కోపాన్ని ఏం చేసుకోవాలో ఆ చెప్పేవాళ్లెవరూ చెప్పరు.

అవ్వ పాస్టరయ్య దగ్గరికి వెళ్లింది. నన్ను వెంట తీసుకెళ్లింది. "అయ్యగారు, మీరొక్కపారి అచ్చి చెప్పుండ్రి. ఆదివారం గుడ్డు జబ్బు మనిషి తింటె పాపం గాదని మీ నోటితోటి చెప్తె ఇంటడు. నా మాట ఇంటలేడు," అంది. ఆయన వస్తానన్నాడు, వచ్చాడు కూడా. చెడ్డమనిషి కాదు. వచ్చి బాపు పక్కన కూర్చొని చెయ్యి పట్టుకున్నాడు. దేవుడు కరుణగలవాడన్నాడు. మనం పశ్చాత్తాపపడితే ఆయన తప్పక వింటాడన్నాడు. శరీరం కంటే ఆత్మ గొప్పదన్నాడు. తర్వాత మోకాళ్లూని పెద్ద ప్రార్థన చేశాడు. అది పాపం కాదు, తిను అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట తప్ప మిగతావన్నీ అన్నాడు. అవ్వ గడపలో నిలబడి ఆ మాట కోసం చివరిదాకా చూసింది. ఆయన లేచి చెప్పులు వేసుకున్నాడు.

పశ్చాత్తాపం అన్న మాటను బాపు పట్టుకున్నాడు. ఉత్త మాటతో పశ్చాత్తాపం ఏమిటి, తిన్నదానికి బదులు ఇవ్వాలి కదా. పుష్యమాసంలో చర్చిలో కోత పండుగ వస్తుంది. పొలాలున్నవాళ్లు వడ్లు, జొన్నలు తెస్తారు. లేనివాళ్లు ఉన్నది తెస్తారు. ఆ పండుగకు కోళ్లను నాలుగింటినీ ఇచ్చేయాలన్నాడు.

అప్పుడు మాత్రం అవ్వ గట్టిగా ఎదురుతిరిగింది. ఒక కోడిని పట్టుకొచ్చి మంచం మీద ఆయన ఒళ్లోనే దింపింది. అప్పటికి కోళ్ల ఒంటి మీద కొత్త ఈకలు ముళ్లలా మొలిచాయి, మెడ దగ్గర తెల్లగా విచ్చుకుంటున్నాయి.

"తురాయి చూడు. చూడు జర. ఎర్రవడుతున్నది. తురాయి ఎర్రవడ్డదంటే గుడ్డు దగ్గర వడ్డట్టే. ఇంక కొన్ని దినాలాగు. నీ కాళ్లు మొక్కుత. పెట్టుడు మొదలువెట్టినంక ఇద్దాం. అప్పుడు రెండిద్దాం, మూడిద్దాం."

బాపు కోడి వీపు నిమిరాడు. "పెట్టినంక ఇచ్చుడు ఏం ఇచ్చుడే? లాభం చూస్కొని ఇచ్చినట్టయితది," అన్నాడు. ఆ మాట ఎంత మెల్లగా అన్నాడో. దగ్గు లేకుండా ఒక మాట పూర్తిచేయగలగడమే అప్పటికి గగనమైంది.

నాలుగింటికీ కాళ్లు కట్టి అవ్వ రెండు, నేను రెండు తీసుకెళ్లాం. వాకిలి నిండా జనం, వడ్ల కుప్పలు, బంతిపూలు. మా కోళ్లను హర్రాజుకు పైకెత్తితే నవ్వులు లేచాయి. సగం ఈకలు పొట్టిగా, సగం అసలే లేక, చూడటానికి అట్లాగే ఉన్నాయి మరి. "ఈకలు పీకుడు పని తప్పింది, సక్కగ కుండల వేసుకునుడే," అని ఎవరో అన్నారు. కూరకోసమే పాట మొదలైంది.

కోస్తా నుంచి వచ్చిన ఒక గుమాస్తా భార్య ఆడవాళ్లలోంచి ముందుకు వచ్చింది. వాళ్లు కంపెనీ ఆఫీసు వైపు పెద్ద క్వార్టర్లలో ఉండేవాళ్లు. ఒక కోడిని చేతిలోకి తీసుకొని తురాయి చూసింది, వేళ్లతో కడుపుకింద తడిమింది. అవ్వ అది చూసింది. ఆమె కోళ్లు తెలిసిన మనిషని అవ్వకు ఆ క్షణంలోనే అర్థమైంది. ఆమె భర్తకు కళ్లతో సైగ చేసింది. ఆయన కూరవాళ్లు అందుకోలేనంత పాట పాడేశాడు. అవ్వ కోళ్ల కాళ్లకు కట్టిన పేలికలు విప్పి, "గట్టిగ కట్టలేదమ్మా, నడుస్తయ్," అని మాత్రం చెప్పింది.

ఆ రాత్రి బాపు హాయిగా నిద్రపోయాడు. ఎన్నాళ్ల తర్వాతో. అవ్వ ఖాళీ గూటి ముందు కూర్చొని దాన్ని ఊడ్చింది, మళ్లీ ఊడ్చింది. ఊడ్వడానికి అందులో ఏమీ లేదు.

ఆ తర్వాత బాపుకు దగ్గులో నెత్తురు పడటం మొదలైంది. ఆసుపత్రికి తీసుకుపోదామంటే బండి కుదుపుకు తట్టుకోలేడన్నారు. మామ మందులు తెచ్చి ఇచ్చి, మా ముఖాలు చూడలేక అదే బస్సుకు తిరిగి వెళ్లాడు. అవ్వ కొంతకాలం ఏడ్చింది, తర్వాత ఏడవడం కూడా మానేసింది. చెదల కుండ పెరటి గోడ మీద బోర్లించి ఉండేది. దాన్ని చూడకుండా వెనక వాకిలి దాటడం నాకు అలవాటైంది.

పొద్దు కొంచెం సాగింది. ఒక ఆదివారం చర్చి బయట ఆ గుమాస్తా భార్య ముఖమంతా నవ్వుతో అవ్వ దగ్గరికి వచ్చింది.

"ఏమ్మా, మీ కోళ్లు ఎంత పనిమంతులో! నాలుగూ మొదలుపెట్టేశాయి. నిన్న ఎక్కడా ఖాళీ లేదు గూట్లో. ఇంత మంచి కోళ్లను ఎట్లా వదులుకున్నారమ్మా?"

ఆమెకు ఏమీ తెలియదు. తెలిసి ఉంటే ఆ కోళ్లను తిరిగి మా పెరట్లో వదిలి వెళ్లేదని నాకు అనిపిస్తుంది. అవ్వ, "మంచిగయిందమ్మా," అంది. దారి పొడుగునా నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందో, ఇంటికి వచ్చేసరికి వేళ్లు తిమ్మిరెక్కాయి.

బాపుకు చెప్పకుండా ఉండాల్సిందని నేననుకుంటాను. అవ్వ చెప్పింది. ఆయన్ను నొప్పించాలనే చెప్పింది. నాకు ఆ గొంతు తెలుసు.

"పెడ్తున్నయట. నాలుగు గూడ. నేను చెప్పలేదా? తురాయి ఎర్రవడ్డదని చెప్పలేదా?"

బాపు తల తిప్పి చూశాడు. నేను జన్మలో మరిచిపోలేనిది ఆ చూపు. ముఖం మొత్తం వెలిగిపోయింది.

"చూసినవానే?" అన్నాడు. "తీస్కున్నడు. మనం ఇచ్చింది తీస్కున్నడు, అందుకే కోళ్ల గర్భం విప్పిండు. మాఫ్ చేసిండే. ఇగ ఫికర్ లేదు." ఊపిరి కూడదీసుకోవడానికి ఆగాడు. "ఇగ తింట. ఒక గుడ్డు తేపో."

కోళ్లు పెడుతున్నది పొద్దు పెరిగినందుకని అవ్వకూ తెలియదు. కానీ కొత్త ఈకలు వచ్చినందుకని తెలుసు, తురాయి ఎర్రబడినందుకని తెలుసు. అదేమీ అనలేదు. వాదించి గెలిచే వేళ దాటిపోయింది. కొంగు నడుముకు దోపి బయటికి నడిచింది. నేను వెనక పరుగెత్తాను. ఆఫీసు వైపు క్వార్టర్లకు మేం అంతకుముందు ఎప్పుడూ వెళ్లలేదు. వెనక వాకిట్లోంచి పిలిస్తే ఆమె వచ్చింది. పెరట్లో మా కోళ్లు తిరుగుతున్నాయి. ఇక్కడ బొగ్గుధూళి తక్కువ, తెల్లగా మెరిసిపోతున్నాయి. నన్ను చూసి ఒకటి పరుగెత్తుకొని వచ్చింది. చెదలు తెచ్చానేమో అనుకుంది.

అవ్వ సంగతి చెప్పింది. చెప్పాలనుకున్నదానికంటే ఎక్కువే చెప్పేసినట్టుంది. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, నాకొక్క మాట చెప్తే..." అని పూర్తిచేయలేక లోపలికి వెళ్లి, ఉన్న గుడ్లన్నీ తెచ్చి అవ్వ కొంగులో పోసింది. అందులో ఒకటి ఇంకా వెచ్చగానే ఉంది.

ఇంటికి వచ్చి అవ్వ ఆ వెచ్చటి గుడ్డునే పాలల్లో కొట్టింది. బెల్లం దండిగా వేసింది, వాసన తెలియకుండా. బాపు తల తన మోచేతి మీద ఎత్తి పట్టుకుంది. ఆయన ముందు కృతజ్ఞత చెప్తానన్నాడు. ఒక్కో మాటకు ఆగుతూ ఆ ప్రార్థన చేశాడు. ఈ గుడ్డుకు స్తోత్రం, దీన్ని పంపినందుకు స్తోత్రం, నా పాపం మరిచినందుకు స్తోత్రం. అవ్వ ఆమెన్ అనలేదు. గ్లాసు చల్లారకుండా కొంగులో చుట్టి పట్టుకొని, ఆయన ముగించేదాకా పళ్లు బిగించి కూర్చుంది.

మొదటి చెంచా నోట్లో పోసింది. అది లోపలికి పోలేదు. కాసేపు నోట్లోనే ఉండి పెదవి చివరినుంచి కారిపోయింది. కొంగుతో తుడిచి రెండో చెంచా పోసింది. గొంతు కదిలింది, కదిలి మింగలేక దగ్గు వచ్చి, దగ్గడానికి బలం లేక కళ్లలో నీళ్లు తిరిగాయి. పాలు ఎర్రజీర కలిసి గడ్డం మీద పడ్డాయి. ఆయన చెయ్యెత్తి వద్దన్నాడు. "తర్వాత తింట," అన్నట్టు పెదవులు కదిలాయి. ముఖంలో మాత్రం ఏ దిగులూ లేదు. అప్పు తీర్చేసిన మనిషిలా పడుకున్నాడు. మళ్లీ నోరు తెరవలేదు. మర్నాడు మధ్యాహ్నం పోయాడు.

గుడ్డు తెచ్చిన సాయంత్రమే, ఆయన ఇంకా ఊపిరి తీస్తుండగానే, అవ్వ మిగిలిన పాలగ్లాసు వంక చూసి, నన్నూ తమ్ముణ్నీ పిలిచింది. "పారవొయ్యొద్దు బిడ్డ. తాగుండ్రి," అంది. మధ్యాహ్నం నుంచి మాకు ఎవరూ అన్నం పెట్టలేదు. తమ్ముడు సగం తాగి నాకిచ్చాడు. మిగిలింది నేను తాగాను. తియ్యగా ఉంది.